ఈ నెల ఏం చెడగొట్టావు?

దాదాపీర్‌కి కోపం ముక్కు మీదే ఉండేదని అందరూ అంటారు. నేనొప్పుకోను. ముక్కు మీదున్న కోపం చేతిలోకి దిగటానికి క్షణమైనా పడుతుంది. అతని కోపం ఎప్పుడూ చేతిలోనే ఉండేది. నేను మొదటిసారి అతని షాపు మెట్లెక్కిన రోజున నా మీదకి స్క్రూడ్రైవరు విసిరాడు. తల వంచబట్టి సరిపోయింది, లేకపోతే ఇదంతా ఒంటి కంటితో రాస్తుండేవాణ్ణి.

అప్పుడు తొంభై ఎనిమిది. నా పేరు లక్ష్మీకాంత్, పామర్రులో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. ముచ్చటపడి కొనుక్కున్న కంప్యూటరు చచ్చి కూచుంటే, సీపీయూని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో బెజవాడ వచ్చాను. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టి, "లోపల కోళ్లేమన్నా ఉన్నాయాండీ?" అని అడిగాడు. వన్ టౌన్‌లో కిరాణా గోడౌన్ల మధ్య ఇరుకు సందులో ఉంది షాపు. పైన 'రేడియోలు రిపేరు చేయబడును' అని పాత బోర్డు, దాని కింద కొత్త రంగుతో 'కంప్యూటర్లు కూడా'.

"ఏమైంది?" అన్నాడు దాదాపీర్ తల ఎత్తకుండానే.

"ఏం లేదండీ. దానంతటదే పాడైంది."

అప్పుడొచ్చింది స్క్రూడ్రైవరు.

"దానంతటదే పాడవటానికి అదేమన్నా వంకాయా? నువ్వేం చేశావో చెప్పు. చెప్పకపోతే తీసుకుపో."

నాకు ఒళ్లు మండింది. రోజూ వందమంది పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టే మనిషిని నేను. అయినా చెప్పాను. స్విచ్చి ఆపకుండానే మూత తీసి, లోపల మెమరీ ముక్క పీకి మళ్లీ గుచ్చానని. దాదాపీర్ లేచి వచ్చి, నా వెనక గోడలో దిగిన స్క్రూడ్రైవరు ఊడబీకి, నవ్వాడు. "అదీ. ఇప్పుడు బాగవుద్ది. టీ తాగుతావా?"

ఆ టీతో మొదలైంది మా స్నేహం.

షాపు వాళ్ల నాన్నది. ఆయన్ని నేను చూడలేదు, అప్పటికే పోయాడు. ఆ సందులో అందరూ ఆయన గురించి రెండు సంగతులు చెప్పేవాళ్లు. ఒకటి, రేడియో బాగుచేస్తుంటే కరెంటు కొట్టి కుడి అరచెయ్యి కాలిపోయింది, ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. రెండు, ఆ తర్వాత ఎడమ చేత్తో కొట్టడం నేర్చుకున్నాడు. దాదాపీర్ చిన్నప్పుడు ఆ ఎడమ చేతి దెబ్బలు తిన్నన్ని అన్నం ముద్దలు తిని ఉండడని ఎదురు షాపు వాళ్ల మాట. ఏ రేడియో చెడినా కొట్టేవాడట, బాగుపడినా అంతసేపెందుకు పట్టిందని కొట్టేవాడట.

మా మీటింగులు దాదాపీర్ కోపంలోంచే పుట్టాయి. తొంభై తొమ్మిదిలో ఊరంతా కంప్యూటర్ పిచ్చి. ప్రతి సందు మొగలోనూ ఒక ఇన్‌స్టిట్యూట్, ప్రతి ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీదా ఒక విమానం బొమ్మ. కంప్యూటర్ కొన్నవాళ్లు పెరిగారు గానీ, అది మొండికేస్తే అడగటానికి మనిషి లేడు. అందరూ దాదాపీర్ షాపు ముందు నిలబడి ఒకే రోగం చెప్పేవాళ్లు. ఒకరోజు అతనికి తిక్క రేగింది. "ఒక్కొక్కణ్ణీ విడివిడిగా తిట్టే ఓపిక నాకు లేదు. నెలకోసారి ఆదివారం అందరూ కలిసి రండి. ఒకేసారి తిడతా" అన్నాడు.

అలాగే వచ్చాం. షాపు పక్కనే ఎండుమిర్చి గోడౌను, దాని మీద ఖాళీ గది. గోడౌను వాళ్లు ఊరికే వాడుకోమన్నారు. కింద నుంచి ఘాటు పైకొచ్చి తుమ్ముతూ కూచునేవాళ్లం. జంపఖానా పరిచి, నాలుగు ఎక్స్‌టెన్షన్ బోర్డులు లాగి, ఎవరి సీపీయూ వాళ్లు అట్టపెట్టెల్లో మోసుకొచ్చి, మూతలు ఊడదీసి మధ్యలో పెట్టేవాళ్లం. కుర్చీల్లేవు, స్టేజీ లేదు, ముఖ్య అతిథి లేడు. కొండపల్లి నుంచి థర్మల్ స్టేషన్ ఉద్యోగులు రైల్లో వచ్చేవాళ్లు. ఇంజినీరింగ్ చదివే భానుశ్రీ వాళ్లమ్మ శివపార్వతి గారిని తోడు తెచ్చుకునేది. కబురందేది నెట్ సెంటర్ల గోడల మీద అంటించిన జెరాక్సు కాగితాలతో. తర్వాత్తర్వాత యాహూ గ్రూపు పెట్టాం, నెట్ సెంటర్లో గంటకింతని కట్టి ఆ మెయిల్ చూసుకుని వచ్చేవాళ్లు.

మా మీటింగుకి ఒక ఆచారం ఉండేది. దాదాపీర్ పెట్టాడు. అందరూ గుండ్రంగా కూచున్నాక, వరసగా ఒక్కొక్కర్నీ అడుగుతాడు: "ఈ నెల ఏం చెడగొట్టావు?" చెప్పాలి. కొత్తవాడైనా, ప్రొఫెసరైనా చెప్పాలి. చెప్పినవాణ్ణి తిట్టకూడదు, వెక్కిరించకూడదు. రెండో ప్రశ్న ఒక్కటే ఉంటుంది: "ఎట్టా బాగుచేద్దాం?" అక్కడ కూచున్నవాళ్లలో ఎవరికి తెలిస్తే వాళ్లు చెబుతారు. ఎవరికీ తెలియకపోతే, చెడగొట్టినవాడే లేచి గోడ మీది నల్లబోర్డు మీద రాయాలి. అది బాగయ్యేదాకా వాడు ప్రతి మీటింగుకీ రావాలి. బాగయ్యాక వాడే చెరపాలి.

"బయట స్క్రూడ్రైవర్లు విసిరేవాడివి, ఇక్కడ ఈ సాధుత్వమేంటయ్యా?" అని నేను ఏడిపిస్తే, "కొట్టే చోట ఎవడూ చెప్పడు లక్ష్మీకాంతూ. చెప్పకపోతే బాగవదు" అనేవాడు.

మూలన కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటున్న శివపార్వతి గారిని కూడా ఓసారి వదల్లేదు. ఆవిడ సిగ్గుపడుతూ, "పొద్దున పాలు విరగ్గొట్టానండీ" అన్నారు. "ఎట్టా బాగుచేద్దాం?" అన్నాడు దాదాపీర్ మొహం మాడ్చుకునే. "కోవా చేసేశానండీ" అన్నారావిడ. అంత చప్పట్లు ఆ గదిలో ఏ ఇంజినీరుకీ పడలేదు.

నాలుగైదేళ్లు బాగా నడిచింది. ఈలోగా ఊళ్లో గాలి మారింది. కాలేజీల్లో సింపోజియాలూ టెక్ ఫెస్టులూ మొదలయ్యాయి. గేటు దగ్గర ఫ్లెక్సీలు, లోపల జ్యోతి వెలిగించటం, శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం సర్టిఫికెట్లు. వచ్చేవాళ్ల ధోరణీ మారింది. పోయిన నెల ఏం నేర్చుకున్నామనేది పోయి, ఎక్కడ టీషర్టు ఇచ్చారనేది పట్టుకుంది జనాన్ని. మా గదిలోకి కూడా కుర్రాళ్లొచ్చి, "పార్టిసిపేషన్ సర్టిఫికెట్ ఇస్తారాండీ?" అని అడిగేవాళ్లు. దాదాపీర్ చేతికి అందింది విసిరేవాడు. నాకైతే ఆ సర్టిఫికెట్ల పేరెత్తితే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ గాలికి నెత్తిన కిరీటం పెట్టుకున్నవాడు వెంకటకృష్ణారావు. లారీలు తిప్పి సంపాదించాడు, ఆ డబ్బుతో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు పెట్టాడు, ఇంజినీరింగ్ కాలేజీకి పునాది వేశాడు. ఊరంతా చైర్మన్ గారనేది. తన దగ్గర ఫీజు కట్టి నేర్చుకోవాల్సినవాళ్లు మిర్చి గోడౌను మీద ఊరికే నేర్చుకుంటున్నారని ఆయనకి కడుపుమంట. అయినా తెలివైనవాడు. మమ్మల్ని మూయించే బదులు సొంతం చేసుకుందామనుకున్నాడు.

రెండువేల నాలుగు ఎండాకాలంలో ఒక మీటింగుకి మందీ మార్బలంతో వచ్చాడు. ముందు మెట్లెక్కింది ఆయన కాదు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ఒక మనిషి దాన్ని నెత్తిన పెట్టుకొచ్చి బోర్డు ముందు, అందరికీ ఎదురుగా వేశాడు. చైర్మన్ దాన్లో కూచున్నాడు. అప్పుడు భానుశ్రీ తన హార్డ్ డిస్క్ సంగతి చెబుతోంది. "అమ్మాయ్, నువ్వు కూచో" అని ఆయన మొదలెట్టాడు. ఫంక్షన్ హాల్లో రాష్ట్రస్థాయి సదస్సు పెడతాడట. ఖర్చంతా తనదట. అధ్యక్షుడు కూడా తనేనట. ఇక నుంచి ఈ మీటింగులు ఆయన కాలేజీ పేరు మీద జరగాలట.

ఆశ్చర్యమేంటంటే, దాదాపీర్ ఎంతో మర్యాదగా విన్నాడు. తర్వాత, "చైర్మన్ గారూ, ఇక్కడ వచ్చినోళ్లందర్నీ ఒకటి అడుగుతామండీ. ఈ నెల ఏం చెడగొట్టారు?" అన్నాడు.

"నేను చెడగొట్టటం ఏంటయ్యా? నేను కట్టేవాణ్ణి."

"అయితే మీ వంతు ఇంకా రాలేదండీ. కిందకొచ్చి కూచోండి."

ఆయన వినిపించుకోలేదు. సదస్సు ఫ్లెక్సీ విప్పి చూపించటానికి లేచి నిలబడ్డాడు. ఫ్లెక్సీ నిండా ఆయన మొహమే, మా గ్రూపు పేరు ఆయన చొక్కా గుండీ అంత ఉంది. దాదాపీర్ లేచి, ఆ ఎర్ర కుర్చీని రెండు చేతులా ఎత్తి, కిటికీలోంచి సందులోకి గిరాటేశాడు. కింద పసుపు బస్తాల తోపుడు బండి మీద పడి కుర్చీ కాళ్లు విరిగాయి. బండివాడు తిట్టిన తిట్లు పైదాకా వినబడ్డాయి. ఇదేమీ చూసుకోని చైర్మన్ ఫ్లెక్సీ చూపించటం ముగించి వెనక్కి కూచున్నాడు. కుర్చీ లేదు. మదర్‌బోర్డుల మధ్య వెల్లకిలా పడ్డాడు.

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. ఆయన లేచి, పంచె దులుపుకుని, ఒక్క మాట కూడా అనకుండా మెట్లు దిగాడు.

వానలు పడుతున్న రోజుల్లో, మళ్లీ ఒక మీటింగు. గదిలో కొత్త మొహాలు అయిదారు కనబడ్డాయి. అందరిలాగే గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు, అందరిలాగే ఒక అట్టపెట్టె మోసుకొచ్చారు, అందరిలాగే నేల మీద కూచున్నారు. మేం చేసిన పొరపాటు అదే. వచ్చినవాడి పేరు, ఊరు అడిగే అలవాటు మాకు లేదు. ఏం చెడగొట్టావనే అడుగుతాం. చుట్టూ తిరిగి వంతు వాళ్ల దాకా వచ్చింది. గోడకి ఆనుకుని ఒక సన్నపాటి కుర్రవాడు, ఇరవై దాటి ఉంటాయి, తల దించుకుని కూచున్నాడు.

"నువ్వేం చెడగొట్టావు బాబూ?" అన్నాడు దాదాపీర్.

"ఇంకా ఏం లేదండీ."

అందరం నవ్వాం. "కంగారుపడబాక. చెడగొడతావులే, టైముంది" అన్నాడు దాదాపీర్ కూడా నవ్వుతూ.

వాళ్లు లేచారు. అట్టపెట్టెలోంచి వచ్చింది సీపీయూ కాదు, ఇనప రాడ్లు.

మా మిషన్లన్నీ మూతల్లేకుండా, కరెంటుతో, నడిమధ్యన ఉన్నాయి. ఎక్కడ కొడితే పోతాయో వెతుక్కునే పని కూడా పెట్టలేదు మేం. మొదటి దెబ్బకి ఒక మానిటర్ టపాసులా పేలి గాజు ముక్కలు మా మొహాల మీద పడ్డాయి. పవర్ సప్లైలోంచి నీలం మంట లేచింది. ఎవడో వైరు పీకి దాంతోనే ఒక థర్మల్ ఉద్యోగిని వీపు మీద వాయించాడు. నన్ను కీబోర్డుతో తల మీద కొట్టారు, మీటలు ఊడి నా చొక్కాలో పడ్డాయి. శివపార్వతి గారు చిక్కుడుకాయల గిన్నె ఒకడి మూతికేసి కొట్టారు. వాడి పళ్లలోంచి రక్తం కారింది. ఆవిడ్ని జుట్టు పట్టుకుని ఈడ్చారు. భానుశ్రీ అమ్మని లాగబోయి గాజు మీద పడింది, మోచేయి చీలింది. తప్పించుకుందామని మెట్ల వైపు పరిగెత్తేవాళ్ల కోసం మెట్ల అడుగున ముందే ఎండుమిర్చి బస్తాలు కోసి కుమ్మరించి పెట్టారు. ఆ ధూళిలో కళ్లు కనపడక ఒకరి మీద ఒకరు పడ్డాం. ఊపిరి తీస్తే గొంతులో నిప్పులు.

దాదాపీర్ పరిగెత్తలేదు. అతని చేతిలో టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి ఉంది. మీదకొచ్చినవాడి మెడ మీద దాన్ని ఆనించాడు. వాడి అరుపు, కాలిన చర్మం వాసన ఇప్పటికీ నాకు గుర్తే. ఇంకొకణ్ణి కాలితో తన్నాడు. అప్పుడు ఆ సన్నపాటి కుర్రవాడు పక్క నుంచి వచ్చి, రాడ్డుతో దాదాపీర్ కుడి ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆ గోలలో కూడా నాకు వినబడింది. దాదాపీర్ కింద పడ్డాడు. చెయ్యి నేల మీద చాచి ఉంది. కుర్రవాడు మళ్లీ రాడ్డెత్తి ఆ వేళ్ల మీద కొట్టాడు.

ఆస్పత్రిలో ఆ చేతికి ప్లేట్లు వేసి మరలు బిగించారు. ఎముక అతుక్కుంది గానీ బొటనవేలూ చూపుడువేలూ మళ్లీ కలవలేదు. స్క్రూడ్రైవరు పట్టుకునే చెయ్యి, చెంచా పట్టుకోలేకపోయింది. పోలీసులు గుర్తు తెలియని వ్యక్తులని రాసుకుని వెళ్లారు. ఆ వారమంతా చైర్మన్ తీర్థయాత్రలో ఉన్నాడని తేలింది.

సదస్సు మాత్రం ఘనంగా జరిగింది. మావాళ్లే కొందరు ముందు వరస కుర్చీల్లో కూచుని, శాలువాలు కప్పించుకుని, సర్టిఫికెట్లు పుచ్చుకున్నారు. ఎవరెవరొచ్చారో చూసి మొహాన ఉమ్మేద్దామని నేనూ వెళ్లాను. ఉమ్మలేదు. బిర్యానీ బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

దాదాపీర్ మాట్లాడటం తగ్గించాడు. షాపులో అతని భార్య నసీమా టంకం పట్టేది, అతను పక్కన కూచుని ఇలా కాదు అలా అని అరిచేవాడు. కుర్రవాడి వివరాలు టీ కొట్టు దగ్గర తెలిశాయి. పేరు జీవరత్నం, ఊరు కొండపల్లి, చైర్మన్ లారీల మీద క్లీనరు. తెలిసిన రోజున దాదాపీర్ నాతో అన్నాడు: "చంపను. వాడి కుడి చెయ్యి. ఒక్కటే."

షాపు వెనక ఇసక నింపిన గోతాన్ని వేలాడదీసి, ఎడమ చేత్తో రాడ్డు పట్టి కొట్టటం మొదలెట్టాడు. పొద్దున్నే సందులోకి వస్తే ఆ దెబ్బలు వినబడేవి. ఒకరోజు నసీమా నన్ను పక్కకి పిలిచింది.

"అన్నా, ఆయన ఆ కుర్రాడి చెయ్యి విరగ్గొడితే జైలుకి పోతారు. షాపు పోద్ది, మీటింగులు పోతాయి, అన్నీ పోతాయి. మీరు ఆయన పక్కనే ఉండండి. ఆపండి."

సరేనన్నాను. ఆపాలని మాత్రం నాకు లేదు. నా మనసులో ఆ చెయ్యి అప్పటికే విరిగిపోయి ఉంది.

మరుసటి సంవత్సరం మొదట్లో, ఒక ఆదివారం దాదాపీర్ రాడ్డుని న్యూస్‌పేపర్లో చుట్టుకుని కొండపల్లి రైలెక్కాడు. నేనూ ఎక్కాను. బొమ్మల వాళ్ల వీధి దాటి, అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాం. జీవరత్నం లేడు, లారీ మీద వెళ్లాడు. వాళ్లమ్మ అమలమ్మ నులకమంచం వాల్చింది.

"మావోడి ఆఫీసోళ్లాండీ? కూచోండి బాబూ, ఎండన పడొచ్చారు." చెంబుతో నీళ్లిచ్చింది. దాదాపీర్ ఎడమ చెయ్యి చాచాడు. ఆవిడ చూపు కుడి చేతి మీద పడింది. "అయ్యో, ఆ చెయ్యి ఏమైంది నాయనా?"

దాదాపీర్ ఆ చేతిని ఒళ్లోకి లాక్కుని, "మిషన్లో పడిందమ్మా" అన్నాడు.

నీళ్లు తాగి లేచాం. రైల్లో సగం దూరం వచ్చాక గానీ రాడ్డు ఆ మంచం మీదే మర్చిపోయామని తెలియలేదు. దాదాపీర్ కిటికీ ఊచల మీద ఎడమ పిడికిలితో కణుపులు చిట్లేదాకా గుద్దాడు.

ఆ వేసవిలో మళ్లీ మీటింగు పెట్టాం. నసీమాయే పట్టుబట్టింది. పాతవాళ్లలో సగంమంది కూడా రాలేదు. గది గోడల మీద ఇంకా మిర్చి మరకలు, నేల మీద గీతలు. భానుశ్రీ వచ్చింది, మోచేతి మీద పొడుగాటి మచ్చతో. శివపార్వతి గారు ఈసారి చిక్కుడుకాయలతో పాటు కత్తిపీట కూడా తెచ్చారు. దేనికని ఎవరూ అడగలేదు.

అందరం కూచున్నాక గుమ్మంలో నీడ పడింది. జీవరత్నం. చేతిలో న్యూస్‌పేపర్ చుట్టిన పొడుగాటి పొట్లం.

శివపార్వతి గారు కత్తిపీట ముందుకి లాక్కున్నారు. నసీమా భర్త భుజం మీద చెయ్యి వేసింది. కుర్రవాడు చెప్పులు విడిచి, లోపలికొచ్చి, ఆ పొట్లాన్ని దాదాపీర్ ముందు పెట్టాడు.

"మీరు మా ఇంట్లో మర్చిపోయారంటండీ. మా అమ్మ మీ చెయ్యి సంగతి చెప్పింది. ఎవరొచ్చారో నాకు తెలిసిందండీ." అని, వెనక్కి వెళ్లి, పోయినసారి కూచున్న చోటే గోడకి ఆనుకుని కూచున్నాడు.

దాదాపీర్ ఎడమ చెయ్యి పొట్లం మీద పడింది. కాగితం చించాడు. రాడ్డు పట్టుకున్నాడు. నసీమా నా వైపు చూసింది, ఆపమని. నేను కదల్లేదు. కొట్టు, కొట్టు అని నా గుండె కొట్టుకుంటోంది. దాదాపీర్ రాడ్డుని ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటి మనిషి వైపు తిరిగాడు.

"ఈ నెల ఏం చెడగొట్టావు?"

వంతు మొదలైంది. భానుశ్రీ హార్డ్ డిస్కులో ఒక పార్టిషన్ మొత్తం తుడిచేసిందట. ఇంకొకాయన పాస్‌వర్డు మర్చిపోయాడట. ఎవరేం చెబుతున్నా ఎవరి చెవికీ ఎక్కటం లేదు. అందరి కళ్లూ ఆ రాడ్డు మీదే. చుట్టూ తిరిగి వంతు గోడ దగ్గరికి వచ్చింది.

"నువ్వేం చెడగొట్టావు?" అన్నాడు దాదాపీర్.

జీవరత్నం లేచి నిలబడ్డాడు. "మిషన్లు పగలగొట్టానండీ. మీ చెయ్యి విరగ్గొట్టానండీ. రెండు దెబ్బలు కొట్టాను. కొట్టి రమ్మన్నారు, మొదటి దెబ్బకే విరిగింది. రెండోది ఎవరూ చెప్పలేదండీ. ఎందుకు కొట్టానో నాకే తెలవదు."

ఇక నా వల్ల కాలేదు. లేచి, జనం మీద నుంచి దూకి, వాడి మూతి మీద గుద్దాను. జన్మలో ఎవర్నీ కొట్టనివాణ్ణి, గుద్దితే ఎంత సుఖంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. వాడి పెదవి పగిలింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఇంకోటి గుద్దబోయాను. నా చెవి మీద పిడుగు పడింది.

దాదాపీర్ ఎడమ చెయ్యి. నేను మూతల్లేని సీపీయూల మీద బోర్లా పడ్డాను. చెవిలో రైలు కూతలాంటి మోత. ఆ మోత మధ్య అతని అరుపు వినబడింది.

"రూలు తెలవదా నీకు? చెప్పినోణ్ణి కొడతావా?"

"వాడు విరగ్గొట్టింది నీ చెయ్యిరా!" అని నేనూ అరిచాను. అంతకుముందెప్పుడూ అతన్ని రా అనలేదు.

"నా చెయ్యే. అయినా చెప్పాడుగా!" ఆ మాట అంటూ దాదాపీర్ ఏడ్చేశాడు. అతను ఏడవటం అప్పటిదాకా నేను చూడలేదు, ఎముక విరిగిన రోజు కూడా. రాడ్డు అతని ఒళ్లోంచి ఎప్పుడో దొర్లిపోయింది. కుర్రవాడి వైపు తిరిగి, పళ్లు బిగబట్టి, రెండో ప్రశ్న అడిగాడు.

"ఎట్టా బాగుచేద్దాం?"

"తెలవదండీ" అన్నాడు జీవరత్నం, మోచేత్తో రక్తం తుడుచుకుంటూ.

గదిలో ఎవరికీ తెలియదు. భానుశ్రీ లేచి సుద్దముక్క తెచ్చి వాడి చేతిలో పెట్టింది. వాడు బోర్డు దగ్గరికి వెళ్లి, కూడబలుక్కుంటూ రాశాడు: దాదాపీర్ గారి చెయ్యి.

అందరి తర్వాత చివరి వంతు ఎప్పుడూ దాదాపీర్‌ది. మామూలుగా ఏదో ఒక కాలిపోయిన బోర్డు సంగతి చెప్పి నవ్వించి ముగించేవాడు. ఆ రోజు ఎవరూ అడగకముందే మొదలెట్టాడు.

"నేను పన్నెండేళ్లప్పుడు ఒక రేడియోలో వైర్లు తిరగేసి బిగించా. బిగించాక తెలిసింది తప్పని. చెబితే కొడతాడని చెప్పలా. పొద్దున మా నాన్న దాని మీద చెయ్యేశాడు. కరెంటు ఆయన్ని పట్టి గోడకేసి కొట్టింది. ఆ వేళ్లు మళ్లీ ముడవలా. తనదే పొరపాటనుకుంటూ పోయాడాయన. నేను చెప్పలా. చచ్చిపోయేదాకా చెప్పలా." తన వంకర వేళ్ల వైపు చూసుకున్నాడు. "మా నాన్న చెయ్యి. అదీ నేను చెడగొట్టింది."

నసీమా నోట్లో కొంగు కుక్కుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమెకీ చెప్పలేదని అప్పుడే తెలిసింది. రెండో ప్రశ్న అడగాల్సినవాడు అతనే గనక ఎవరూ అడగలేదు. కాసేపటికి గోడ దగ్గర నుంచి జీవరత్నం, "ఎట్టా బాగుచేద్దామండీ?" అన్నాడు.

దాదాపీర్ తల అడ్డంగా ఊపాడు. లేచి వెళ్లి, ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో ఆ మొదటి లైను కింద రెండో లైను రాశాడు.

చైర్మన్ కాలేజీ కట్టాడు, ఇప్పటికీ సదస్సులు పెడుతూనే ఉన్నాడు. ఆర్కుట్ వచ్చాక మా యాహూ గ్రూపు మూలపడింది. కబురందే దారులు మారాయి గానీ గది మారలేదు, జంపఖానా మారలేదు. బోర్డు మీద భానుశ్రీ పార్టిషన్ లాంటివి వస్తుంటాయి, పోతుంటాయి. జీవరత్నం లారీ మానేసి నసీమా దగ్గర టంకం పని నేర్చుకున్నాడు. నాకు వాడంటే ఇప్పటికీ పడదు, వాడికీ ఆ సంగతి తెలుసు. పైనున్న రెండు లైన్లూ మాత్రం అలాగే ఉన్నాయి. సుద్ద వెలిసిపోతే ఎవరి లైను వాళ్లే మళ్లీ దిద్దుకుంటారు. రూలు ప్రకారం బాగయ్యేదాకా రావాలి గనక, వాళ్లిద్దరూ ఒక్క మీటింగు కూడా మానలేదు.